కొక్కుల పేర్లు రాసుకున్న దొర: వాల్టర్ ఇలియట్

చింతపల్లి పేరు చెప్పగానే ఎవరికైనా 1922 ఆగస్టు 22 గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ మీద దాడి చేసిన రోజది. ఆయన కథ మన పూర్వ విద్యార్థులందరికీ కంఠతా వచ్చు. దాని మీద రాయడానికి నాకంటే అర్హులు చాలామందే ఉన్నారు. నేను బడిలో జీవశాస్త్రం చెప్పి బతికినవాణ్ణి కనుక, స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఒక పాత దొర జీవితం రాస్తానని ఒప్పుకున్నాను. దొర ఎందుకు అని అడిగే మిత్రులు ఉంటారని తెలుసు. ఆ అడగడంలో న్యాయం ఉంది. చివరిదాకా చదివి తీర్పు మీరే చెప్పండి.

వాల్టర్ ఇలియట్ 1803 జనవరి 16న ఎడింబరోలో పుట్టాడు. స్కాట్లండు సరిహద్దు జిల్లాలో వుల్ఫ్‌లీ అనే ఎస్టేటు వాళ్ళది. ఈస్టిండియా కంపెనీ కొలువుకు కుర్రాళ్ళను తయారుచేసే హేలీబరీ కాలేజీలో చదివి, 1821లో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. మనకు బాగా తెలిసిన సి.పి. బ్రౌన్ అదే కాలేజీ నుంచి నాలుగేళ్ళ ముందు 1817లో వచ్చాడు. ఇద్దరి దారులూ కొంత ఒకటే. బ్రౌన్ తెలుగు పద్యాలు, తాళపత్రాలు ఏరాడు. ఇలియట్ ఏరనిదంటూ లేదు. శాసనాలు, నాణేలు, శిల్పాలు, చేపలు, గవ్వలు, పావురాలు, ఎలుకలు, మొక్కల పేర్లు, ఏది కంటపడితే అది.

మొదట సేలంలో కొద్దికాలం పనిచేసి, కన్నడ దేశంలోని ధార్వాడ ప్రాంతానికి వెళ్ళాడు. ఆ రోజుల్లో దానిని దక్షిణ మరాఠా దేశం అనేవారు. వెళ్ళీ వెళ్ళగానే 1824లో కిత్తూరు తిరుగుబాటు వచ్చిపడింది. రాణి చెన్నమ్మ సైన్యం చేతిలో పొలిటికల్ ఏజెంటు థాకరే చనిపోయాడు. ఇలియట్, స్టీవెన్‌సన్ అనే మరో యువ అధికారి బందీలుగా దొరికారు. ఆరు వారాలకు పైగా కోటలో ఉన్నారు. వాళ్ళ మీద చెయ్యి పడలేదు, ప్రాణాలతో బయటికొచ్చారు. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడికి ఈ దేశం గురించి అంతకన్నా గట్టి పాఠం ఇంకేం కావాలి? చెన్నమ్మ కథ చెప్పేటప్పుడు ఈ బందీ పేరు ఎవరూ తలవరు. తలవాల్సిన పనీ లేదు. కానీ ఆ కోటలోనే ఆ కుర్రాడి కథ ముగిసిపోయి ఉంటే, ఈ వ్యాసంలో మిగిలినదేదీ ఉండేది కాదు.

ధార్వాడలో గడిపిన ఏళ్ళలో ఆయన రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, గుళ్ళలోని పాత కన్నడ శాసనాలకు నకళ్ళు తీయించడం. అవి వందల్లో పోగై, చాళుక్యుల చరిత్ర రాసిన తరువాతివాళ్ళకు ఆధారమయ్యాయి. రెండోది వేట. అందరు దొరలలాగే ఆయనా పులుల వెంట పడ్డాడు. కానీ పులితో ఆగకుండా ఎలుకల దాకా వచ్చాడు, అదే నాకు ఆసక్తి కలిగించింది. పులిని ఎవడైనా చూస్తాడు. పొలం గట్టున కన్నంలో ఏ ఎలుక ఉంది, పక్క కన్నంలో ఉన్నది అదేనా, వేరేదా అని చూడాలంటే వేరే బుద్ధి కావాలి.

ఆ బుద్ధి ఆయనకు నేర్పినవాళ్ళు వడ్డెరలు. రాళ్ళు కొట్టుకుంటూ, చెరువులు తవ్వుకుంటూ తెలుగు నేల నుంచి కన్నడ దేశం దాకా విస్తరించిన తెలుగు మాట్లాడే మనుషులు వాళ్ళు. ఎలుకలు వాళ్ళకు ఆహారం. ఏది ఎంత లోతున ఉంటుందో, ఏది గింజలు దాస్తుందో, దేని మాంసం బాగుంటుందో వాళ్ళకు తెలియనిది లేదు. ఇలియట్ వాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పిన పేర్లతో సహా రాసుకున్నాడు. నమూనాలు లండన్ వెళ్ళాయి. 1837లో బ్రిటిష్ మ్యూజియంలోని జాన్ ఎడ్వర్డ్ గ్రే వాటికి శాస్త్రీయ నామాలు పెట్టాడు. మెత్తటి బొచ్చున్న పొలం ఎలుక ఒకటి. వడ్డెరలు దాన్ని మెట్టాడ అనేవారు. అది లాటిన్ పేరులో మెల్టాడా అయింది. కొక్కు అన్న మాట కొక్ అయింది. కన్నడవాళ్ళు గులండి అనే పొదల ఎలుక గోలుండా ఇలియొటై అయింది. ముందు సగం కన్నడ రైతు మాట, వెనక సగం దొర పేరు. 1839లో ఆయన తన ప్రాంతపు క్షీరదాల పట్టికను మద్రాసు పత్రికలో అచ్చువేశాడు. దక్షిణ భారతం మీద అలాంటి పనుల్లో అది తొలితరానిది.

కొక్కు మాట వచ్చింది కనుక ఒక ముచ్చట. మన పందికొక్కును ఇంగ్లీషువాళ్ళు పలకలేక బ్యాండికూట్ అన్నారు. ఆ మాటను ఓడలెక్కించి ఆస్ట్రేలియా పట్టుకుపోయారు. అక్కడ పొడుగు మూతితో నేల తవ్వే ఒక చిన్న జంతువు కనబడితే, ఇదీ పందికొక్కులాగే ఉంది కదా అని అదే పేరు తగిలించారు. నిజానికి ఆ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలాగా పొట్టసంచిలో పిల్లల్ని పెంచే జాతి. ఈ రోజుకీ ఆస్ట్రేలియా పిల్లలు ఒక తెలుగు మాటతో తమ జంతువును పిలుస్తున్నారు. నేను తరగతిలో ఇది చెప్పిన రోజున వెనక బెంచీలు కూడా నిద్ర లేచేవి.

1839లోనే మాల్టాలో ఇలియట్ పెళ్ళి జరిగింది. మద్రాసు గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు బంధువు కావడంతో కొన్నేళ్ళు ఆయన కార్యదర్శిగా కూడా పనిచేశాడు. ఆ సంగతులు మనకు అంత ముఖ్యం కావు.

తెలుగు జిల్లాలకు ఆయన వచ్చింది గుంటూరు మూలంగా. 1832-33 నాటి నందన కరువు ఆ జిల్లాను తుడిచిపెట్టింది. పదేళ్ళు దాటినా శిస్తు లెక్కలు తేలలేదు, జమీందారీలు అప్పుల్లో మునిగాయి. ఏం జరిగిందో తేల్చమని కంపెనీ ఇలియట్‌ను పంపింది. 1845లో ఆయనను ఉత్తర సర్కారులకు కమిషనరును చేసింది. 1854 వరకు గంజాం నుంచి గుంటూరు దాకా ఆయన చేతికింద ఉంది. మన కొండలు కూడా అందులోనివే. సరిగ్గా ఆ 1845లోనే గొలుగొండ కొండల్లో తిరుగుబాటు మొదలై 1848 దాకా నడిచింది. 1837లో జమీని సర్కారు కొనేసుకున్నందుకు ముఠాదార్లకు కడుపుమంట. సీతారామరాజు కంటే మూడు తరాల ముందే ఈ అడవి దొరతనాన్ని ఒప్పుకోలేదన్నమాట. ఇలియట్ ఆ దొరతనంలోనే పై మెట్టు మీద కూర్చున్నవాడు. ఆయన మంచి పరిశోధకుడని చెబుతూ ఈ సంగతి దాచిపెడితే, మన గుడెం ముత్తాతలకు అన్యాయం చేసినట్టే.

ఆ కమిషనరు కాలంలోనే అమరావతి వ్యవహారం. 1845లో ఆయన అక్కడి స్తూపపు దిబ్బను తవ్వించాడు. పాలరాయిలాంటి సున్నపురాతి శిల్పాలు వందకు పైగా మద్రాసుకు చేరాయి. అక్కడ కొన్నేళ్ళు ఎండకూ వానకూ నానుతూ పడి ఉన్నాయి. 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. అక్కడా కొంతకాలం ఒక బండ్ల కొట్టంలో మూల పడ్డాయి. చివరికి బ్రిటిష్ మ్యూజియంలో తేలాయి, ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. చాలాకాలం వాటిని ఇలియట్ మార్బుల్స్ అని కూడా అన్నారు. తెలుగువాడు తన పూర్వీకుల పనితనం చూడాలంటే వీసా తీసుకోవాలి. దీన్ని వెనకేసుకురావడం నా వల్ల కాదు. ఆయన తీసుకుపోకపోతే ఆ రాళ్ళు సున్నపు బట్టీల్లో కాలిపోయేవని వాదించేవాళ్ళున్నారు. కొన్ని నిజంగానే కాలిపోయాయి. అయినా సరే.

జీవశాస్త్రం చెప్పినవాడిగా నాకు ఇంకా పెద్ద నేరంగా కనిపించేది వేరే ఉంది. ఏ రాయి దిబ్బలో ఏ వైపున, ఏ లోతున దొరికిందో చెప్పే సరైన వివరం మిగల్లేదు. స్తూపం అసలు ఎలా ఉండేదని తరువాతివాళ్ళు శిల్పాల మీది బొమ్మలు చూసి ఊహించుకోవలసి వచ్చింది. చోటు చెప్పని వస్తువు సగం మూగది. ఎలుక తోలుకు ఏ ఊళ్ళో దొరికిందో చీటీ కట్టడం తెలిసిన మనిషి, రాయి దగ్గరకొచ్చేసరికి ఇలా ఎందుకు జరగనిచ్చాడో!

ఆ చీటీ విలువ తెలియడానికి ఇప్పుడు ఆయన పేరు మోస్తున్న అసలు జంతువు దగ్గరకు వెళదాం. కడప, నెల్లూరుల మధ్య కొండల నుంచి ఇలియట్ సంపాదించిన నమూనాను చూసి లండన్‌లో వాటర్‌హౌస్ ఒక కొత్త జంతువును వర్ణించాడు. ఆ వర్ణన 1849 నాటి జువలాజికల్ సొసైటీ సంచికలో వచ్చింది. చూడటానికి అచ్చం ఉడుతే. మూతి మాత్రం పొడుగ్గా, కొసగా ఉంటుంది. ఉడుతకున్నట్టు వీపు మీద చారలుండవు, భుజం మీద ఒక లేత గీత ఉంటుంది. పొడుగు మీసాలు లేవు. ముందరి కాలికి ఉడుతకు నాలుగు వేళ్ళు కనబడితే దీనికి అయిదు. పళ్ళు కొరికే పళ్ళు కావు, పురుగుల్ని నమిలే పళ్ళు. పగటిపూట నేల మీద, బండల మధ్య, పొదల్లో పురుగులు, పళ్ళు వెతుక్కుంటుంది. ఇంగ్లీషులో మద్రాస్ ట్రీ ష్రూ అంటారు. మనం చెట్టు చుంచు అనుకోవచ్చు. తమిళులు మూంగిల్ అణత్తాన్ అన్నారట, వెదురు ఉడుత అని అర్థం. 1913లో లయన్ అనే అమెరికన్ ఈ జాతిని ప్రత్యేక ప్రజాతిగా విడదీసి, ఆ తమిళ మాట నుంచే అనథానా అని పేరు పెట్టాడు. అనథానా ఇలియొటై. ఇందులోనూ ముందు సగం అడవి మనిషి మాటే.

దీని అసలు వింత దాని ఒళ్ళో లేదు, దాని ఊళ్ళో ఉంది. ప్రపంచంలో చెట్టు చుంచులు ఇరవైకి పైగా రకాలున్నాయి. అన్నీ ఆసియాలోనే. దాదాపు అన్నీ బర్మా, మలయా, సుమత్రా, బోర్నియో వైపు. బోర్నియోలో మరీ ఎక్కువ. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో ఒకటి, నికోబారులో ఒకటి ఉన్నాయి. గంగకు దక్షిణాన, విశాలమైన ద్వీపకల్పం మొత్తానికి ఇదొక్కటే. తూర్పు కనుమల్లోను, సాత్పురాల్లోను, మధ్య భారతపు అడవుల్లోను అక్కడక్కడ ఉంటుంది. దీని ప్రజాతిలో దీనికి తోబుట్టువు లేదు. నడుమ గంగా మైదానం. అటు చుట్టాలంతా, ఇటు ఈ ఒంటరిది. ఎలా వచ్చింది?

దీన్ని తేల్చే శాస్త్రమే జీవభౌగోళిక శాస్త్రం. ఏ జీవి ఎక్కడుంది, మరోచోట ఎందుకు లేదు అన్నవే దాని ప్రశ్నలు. ఇలియట్ రోజుల్లో ఖండాలు కదులుతాయన్న ఊహ లేదు. ఆయన ముదిమిలో, 1876లో, వాలేస్ జంతువుల భౌగోళిక విస్తరణ మీద పెద్ద గ్రంథం తెచ్చి ప్రపంచాన్ని మండలాలుగా గీశాడు. మన ద్వీపకల్పం, మలయా ఒకే మండలంలో పడ్డాయి. తరువాత సుందర్‌లాల్ హోరా కొండవాగుల చేపలను చూసి మరో వాదన తెచ్చాడు. వానలు ఎక్కువగా ఉన్న ప్రాచీన కాలంలో తూర్పు హిమాలయపు జీవులు వింధ్య, సాత్పురా కొండల వెంట మెట్టుమెట్టుగా దక్షిణానికి దిగాయని, వాతావరణం ఎండిపోయాక నడుమ దారి తెగిందని ఆయన చెప్పాడు. ఆ వాదన మీద ఇప్పటికీ చర్చ ఉంది. ఒంటరిగా మిగిలిపోయిన జీవులు మాత్రం కళ్ళముందున్నాయి. మన విశాఖ కొండల్లోనే అబ్బట్స్ బాబ్లర్ అనే చిన్న పిట్ట ఉంది. దాని బలగమంతా తూర్పు హిమాలయపు పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా. ఇక్కడున్న ఉపజాతికి 1985లో రిప్లీ, బీలర్‌లు విశాఖకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరు పెట్టారు. లాటిన్ పేర్లలోకి మన ప్రాంతపు మనిషి పేరు ఎక్కడానికి అన్నాళ్ళు పట్టింది.

ఇలాంటి ఒంటరి జీవి కథ దక్షిణ అమెరికాలో ఇంకా గొప్పగా ఉంది. చిలీ, అర్జెంటీనాల దక్షిణపు చల్లని అడవుల్లో, వెదురు పొదల్లో, ఎలుకంత జంతువు ఒకటి ఉంది. స్పానిష్‌లో దాని పేరు మోనితో దెల్ మోంతె, కొండ బుల్లి కోతి. అది కోతీ కాదు, ఎలుకా కాదు. పొట్టసంచి జాతి. పక్కనే ఉన్న దక్షిణ అమెరికా పొట్టసంచి ఎలుకల కంటే సముద్రాలవతలి ఆస్ట్రేలియా కంగారూలకే అది దగ్గర చుట్టం. ఒకప్పుడు దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అతుక్కుని ఉండేవని, అంటార్కిటికా అడవుల మీదుగానే ఈ జాతి నడిచి వెళ్ళిందని ఇప్పుడు అనుకుంటున్నారు. అంటార్కిటికా దగ్గరి సీమోర్ దీవిలో పొట్టసంచి జంతువు శిలాజం దొరికిందని 1982లో ప్రకటించాక ఆ నమ్మకం గట్టిపడింది. ఒక ఎలుకంత ప్రాణి, ఖండాల చరిత్రకు సాక్షి. సాక్ష్యం చెల్లాలంటే మాత్రం అది ఎక్కడ దొరికిందో చీటీ మీద ఉండి తీరాలి. కడప నెల్లూరుల మధ్య కొండలు అన్న ఆ నాలుగు మాటలు లేకపోతే ఇలియట్ పంపిన తోలు ఒట్టి తోలే.

మళ్ళీ ఆయన దగ్గరకు. వాల్తేరులో ఉన్న కాలంలో సముద్రం ఆయన్ను పట్టుకుంది. దేశీ చిత్రకారుల చేత చేపలకు, సముద్రపు జీవులకు రంగుల బొమ్మలు వేయించాడు. తరువాత భారతదేశపు చేపల మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే ఆ బొమ్మలను వాడుకున్నాడు. 1855లో సెలవు మీద వెళ్ళి గ్లాస్గో సభలో ఛార్లెస్ డార్విన్‌ను కలిశాడు. మరుసటి ఏడాది మొదట్లో డార్విన్ ఉత్తరం రాసి, పెంపుడు పావురాలు, కోళ్ళ తోళ్ళు కావాలని అడిగాడు. ఇలియట్ ఇక్కడి నుంచి, బర్మా నుంచి సేకరించి పంపాడు. పావురాల పెంపకం మీది ఒక పారశీక గ్రంథానికి అనువాదం కూడా చేయించి పంపాడు. 1859లో వచ్చిన జాతుల ఉత్పత్తి గ్రంథం మొదటి అధ్యాయంలోనే డార్విన్ ఇలియట్‌కు కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఇక్కడి పావురాల తోళ్ళు, ప్రపంచాన్ని కుదిపిన ఆ పుస్తకానికి సరుకయ్యాయి.

అదే 1859లో మద్రాసులో ఆయన సొంత పుస్తకం అచ్చయింది. పేరు ఫ్లోరా ఆంధ్రికా. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో మామూలుగా కనిపించే మొక్కలకు తెలుగు పేరు, దాని ఎదుట శాస్త్రీయ నామం. వర్ణనలు, అలంకారాలు ఏమీ లేని ఒట్టి పట్టిక. ఆయన చేసిన పనులన్నిటిలో నేను పెద్దపీట వేసేది దీనికే. ఎందుకంటే రాళ్ళు లండన్‌కు పోయాయి, తోళ్ళు లండన్‌కు పోయాయి, ఈ పేర్లు మాత్రం మనకే మిగిలాయి. పట్టికలో ఉన్న మాటలన్నీ ఎవరో చెప్పినవే. మూలికలు తెచ్చే ఆడమనిషో, పశువుల కాపరో, కట్టెలు కొట్టేవాడో నోరు విప్పితేనే దొర కలం కదిలింది. ఆ చెప్పినవాళ్ళ పేరు ఒక్కటీ లాటిన్‌లోకి ఎక్కలేదు. కడప కొండల్లో జెర్డన్ కనిపెట్టిన కలివికోడి కథా ఇంతే. అది అంతరించిందని అందరూ రాసేసుకున్నాక, 1986లో మళ్ళీ కనబడిందంటే స్థానికంగా పక్షులు పట్టే మనిషి సాయం వల్లనే.

మన బడి పిల్లలకు ఈ ఆస్తి ఇంట్లోనే ఉంది. నేను పాఠం చెప్పిన ఏళ్ళలో పిల్లలు అడ్డాకు, జీలుగు, ఇప్ప, కరక పేర్లు తెలుగులోను, తమ ఇంటి కువి మాటలోను, ఆదివాసీ ఒడియాలోను చెప్పేవారు. పరీక్ష కాగితం మీద ఆ మూడింటికీ మార్కుల్లేవు. ఇలియట్ అయితే మూడూ రాసుకునేవాడని నా అనుమానం. ఇప్పుడు మనలో కొందరు అటవీశాఖలో ఉన్నారు, కొందరు టీచర్లయ్యారు, ఒకరిద్దరు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. చేతిలో ఫోను, ఫోనులో కెమెరా, చోటు చెప్పే ఉపగ్రహం అన్నీ ఉన్నాయి. లంబసింగి మంచు ఫొటోలు వేలల్లో తీస్తున్నాం. అదే ఫోనుతో, మీ ఊరి బండల మధ్య చారల్లేని పొడుగు మూతి ఉడుత కనబడితే, ముందుకాలి వేళ్ళు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా ఫొటో తీయండి. ఊరు, తేదీ, మీ అమ్మమ్మ దాన్ని ఏమంటుందో ఆ మాట కూడా కలిపి పెట్టుకోండి.

1854లో ఇలియట్ మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడయ్యాడు. 1858 నవంబరు 1న గవర్నరు లార్డ్ హారిస్‌కు జబ్బుగా ఉండటంతో, కంపెనీ పాలన పోయి విక్టోరియా రాణి పాలన వచ్చిందన్న ప్రకటన మద్రాసులో ఆయన చేతుల మీదుగా జరిగింది. కిత్తూరు కోటలో బందీగా మొదలైన కొలువు అలా తేలింది. 1860లో వుల్ఫ్‌లీకి వెళ్ళిపోయాడు. 1866లో సర్ బిరుదు వచ్చింది. 1878లో రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది.

చూపు మొదటి నుంచీ అంతంతమాత్రమే. ముసలితనంలో పూర్తిగా పోయింది. దక్షిణ భారత నాణేల మీద ఆయన పెద్ద పుస్తకం వెలువడేనాటికి తన దగ్గరున్న ఏ నాణేన్నీ ఆయన చూడలేడు. చేత్తో తడిమి, జ్ఞాపకం నుంచి చెప్పి, ఇంకొకరి చేత రాయించాల్సిందే. 1887 మార్చి 1న, ఎనభై నాలుగేళ్ళ వయసులో, తిరుక్కురళ్‌ను ఇంగ్లీషు చేసిన జి.యు. పోప్ పేర ఒక ఉత్తరం చెప్పి రాయించి, తన చేత్తోనే సంతకం పెట్టాడు. ఆ రోజే కన్నుమూశాడు.